రాంబుల్: రాయి తప్ప అంతా తెచ్చిపెట్టిన అడవి

న్యూయార్క్ నడిబొడ్డున 843 ఎకరాల్లో పరుచుకున్న సెంట్రల్ పార్కులో, సరస్సుకు ఉత్తరపు ఒడ్డున, 73వ వీధికీ 79వ వీధికీ మధ్య ఉన్న గుట్టల తోపును రాంబుల్ అంటారు. విస్తీర్ణం 36 ఎకరాల పైచిలుకు. తిన్నగా సాగే దారి ఇందులో దాదాపు లేదనే చెప్పాలి. ఏ బాట పట్టుకున్నా కాస్త దూరం వెళ్లేసరికి ఏదో ఒక బండను చుట్టుకుని రెండుగా చీలుతుంది. ఒకటి గుట్టెక్కితే మరొకటి వాగు పక్కకు దిగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు దారి తప్పడం ఇక్కడ మామూలు. తప్పాలనే బాటలను అలా వేశారు. ఆకులు దట్టంగా ఉన్న నెలల్లో చుట్టుపక్కల ఆకాశహర్మ్యాలు కూడా చాలాచోట్ల కంటికి ఆనవు. ఏటా ఏప్రిల్ చివరి నుంచి మే మూడో వారం దాకా, తెల్లవారేసరికి మెడలో బైనాక్యులర్లు వేసుకున్న జనం ఈ బాటల మీద గుంపులు గుంపులుగా తలలెత్తి నిలబడి ఉంటారు. చూసేవాళ్లకు ఇది నగరం మింగగా మిగిలిన పాత అడవి ముక్కలా తోస్తుంది. నిజానికి ఇక్కడ పాతది రాయి ఒక్కటే. మట్టిలో చాలా భాగం, చెట్లు, వాగు, చివరికి సరస్సు కూడా మనుషులు ఏర్పాటు చేసినవే.

ఆ రాయి మాత్రం చాలా పాతది. మన్‌హటన్ షిస్ట్ అనే ఈ నల్లటి మెరుపురాయి వయసు సుమారు 45 కోట్ల ఏళ్లు. దాదాపు 20 వేల ఏళ్ల కిందటి దాకా ఈ నేల మీద మందపాటి మంచు పలక ఉండేది. అది జరుగుతూ, తనతో ఈడ్చుకొచ్చిన రాళ్లతో బండలను గీరిన చారలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1850ల నాటికి ఈ ప్రాంతం బండలు, మడుగులు, పలచటి పొదలు ఉన్న నగర శివారు. పందుల దొడ్లు, ఎముకలు ఉడికించే బట్టీలు, గుడిసెలు ఉండేవి. అలాగని అది ఎవరూ లేని బీడు కాదు. పార్కు పడమటి అంచున, రాంబుల్‌కు కాస్త ఉత్తరంగా, సెనెకా విలేజ్ అనే ఊరుండేది. 1825లో నల్లజాతివాళ్లు స్థలాలు కొనుక్కుని కట్టుకున్న ఊరు అది. అప్పట్లో న్యూయార్క్ రాష్ట్రంలో నల్లజాతి మగవాళ్లకు ఓటు రావాలంటే 250 డాలర్ల విలువైన స్థిరాస్తి ఉండాలి; తెల్లవాళ్లకు ఆ షరతు లేదు. అందుకే ఆ ఊళ్లో సొంత స్థలం అంటే తలదాచుకునే చోటు మాత్రమే కాదు, ఓటు కూడా. మూడు చర్చిలు, ఒక బడి, సుమారు 225 మంది జనం ఉన్న ఆ ఊరిని పార్కు కోసం 1857లో ఖాళీ చేయించారు. పార్కు స్థలం మొత్తం మీద నిర్వాసితులైనవాళ్లు 1,600 మంది దాకా ఉంటారు. పరిహారం ఇచ్చారు గానీ, అది చాలదని కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. పార్కు చరిత్ర రాసినవాళ్లు చాలాకాలం ఈ ఊరిని ఒక వాక్యంలో దాటేశారు.

పార్కు నమూనా కోసం పెట్టిన పోటీలో 1858లో నెగ్గినది గ్రీన్‌స్వార్డ్ ప్లాన్. దాన్ని గీసినవాళ్లు ఇద్దరు: అప్పటికే పార్కు పనుల మీద సూపరింటెండెంటుగా ఉన్న ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, ఇంగ్లండు నుంచి వచ్చిన వాస్తుశిల్పి కాల్వర్ట్ వాక్స్. పార్కులో గుర్రపు బండ్లకు, గుర్రాలకు, పాదచారులకు వేర్వేరు దారులు ఉండాలన్నది వాళ్ల ఆలోచనల్లో ముఖ్యమైనది. రాంబుల్‌ను పూర్తిగా కాలినడకకే వదిలేశారు. ఇక్కడ ఎదురుపడే ప్రతి మలుపూ ముందే లెక్కవేసి పెట్టినది. వియన్నాలో శిక్షణ పొందిన ఇగ్నాజ్ పిలాట్ అనే తోటమాలి ఏ చెట్టు పక్కన ఏ పొద, ఏ బండ సందులో ఏ తీగ అన్నది చూసుకున్నాడు. కూలీలు మందుగుండుతో బండలు పేల్చారు, సారవంతమైన మట్టిని న్యూజెర్సీ నుంచి కూడా బళ్ల మీద తోలుకొచ్చారు, బురద నేలను తవ్వి సరస్సు చేశారు. గిల్ అని పిలిచే చిన్న వాగు రాంబుల్ గుండా గలగలా పారి ఆ సరస్సులో కలుస్తుంది. అందులో నీళ్లు వచ్చేది మాత్రం నగర మంచినీటి గొట్టం నుంచి. కొళాయి కట్టేస్తే వాగు ఎండిపోతుంది! 1859 జూన్‌లో రాంబుల్ ప్రజలకు తెరుచుకుంది. పై అంచున ఉన్న విస్టా రాక్ అనే బండ మీద బెల్వెడేర్ కోటను తర్వాతి పదేళ్లలో మొదలుపెట్టి కట్టారు. శరదృతువులో దక్షిణానికి పోయే డేగలను లెక్కపెట్టేవాళ్లకు నేటికీ అదే మెట్ట.

అంత శ్రద్ధగా గీసిన నమూనాలో పిట్టల కోసమంటూ పెద్దగా వేసినదేమీ లేదు. వాటిని ఇక్కడికి లాగింది చుట్టూ ఉన్న నగరమే. ఉత్తర అమెరికా తూర్పు తీరం వెంబడి వలస పిట్టల దారి ఒకటుంది. చలికాలాన్ని మధ్య, దక్షిణ అమెరికాల్లోనూ కరీబియన్ దీవుల్లోనూ గడిపిన చిన్న పిట్టలు వసంతంలో కెనడా అడవుల వైపు బయలుదేరతాయి. వాటిలో చాలామటుకు ప్రయాణించేది రాత్రిపూటే. పది గ్రాముల బరువైనా తూగని వార్బ్లర్ పిట్ట రాత్రంతా ఎగిరి, తెల్లవారేసరికి దిగి, తిని, దాక్కోవాలి. కింద చూస్తే మైళ్ల తరబడి కాంక్రీటు, డాబాలు, తారు రోడ్లు. మధ్యలో ఒక్కచోట పచ్చటి దీర్ఘచతురస్రం. దిగడానికి మరో చోటు లేదు కాబట్టి, పల్లెల్లో వందల ఎకరాల మీద చెదిరిపోయే పిట్టలన్నీ ఇక్కడ కొద్ది చెట్ల మీదే గుమికూడతాయి. మే మొదట్లో ఓక్ చెట్లు పూత పూస్తాయి, ఆ పూతకు పురుగు పడుతుంది, పురుగు కోసం పిట్ట వస్తుంది. వార్బ్లర్లే 30కి పైగా రకాలు ఈ కొద్ది వారాల్లో కనిపిస్తాయి. పార్కు మొత్తం మీద ఇంతవరకు నమోదైన పక్షి జాతులు 250కి మించి ఉన్నాయి. ఊరి మధ్య తోటలో పిట్టలు ఇలా కిక్కిరిసిపోవడాన్ని పక్షి వీక్షకులు ఈ పార్కు పేరుతోనే సెంట్రల్ పార్క్ ఎఫెక్ట్ అంటారు.

పార్కు తెరిచిన కాలంలో పిట్టల గురించి తెలుసుకోవడమంటే వాటిని తుపాకీతో కాల్చడమే. ఏ జాతో తేల్చాలంటే కళేబరం చేతిలో ఉండాలని పండితులు అనేవారు. మ్యూజియం అరల్లో పేర్చిన తోళ్లే ఆధారం. పార్కులో తుపాకీ పేల్చడం నిషేధం. అందువల్ల ఇక్కడికి వచ్చిన ఔత్సాహికులు కంటితోనూ చెవితోనూ గుర్తుపట్టడం నేర్చుకోక తప్పలేదు. పక్కనే పడమటి వీధిలో 1877 నుంచి అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఉండటం వాళ్లకు కలిసొచ్చింది. ఉదయం చెట్టు మీద చూసినదాన్ని మధ్యాహ్నం మ్యూజియం అరలో పోల్చుకోవచ్చు. 1878లో ఏర్పడిన న్యూయార్క్ లినియన్ సొసైటీ సమావేశాల్లో, ఇలా చూసి రాసుకున్న నోట్సులు చదివేవారు. ఫ్లారెన్స్ మెరియమ్ అనే యువతి, నాటకాలకు తీసుకెళ్లే చిన్న దుర్భిణితో పిట్టలను చూడటం ఎలాగో చెబుతూ 1889లో ఒక పుస్తకం వేసింది. తుపాకీ లేకుండా చూడమని చెప్పిన తొలి చేతిపుస్తకాల్లో అది ఒకటి.

అయితే ఆ రోజుల్లో న్యూయార్క్‌లో పిట్టలు ఎక్కువగా కనిపించినది చెట్ల మీద కాదు, ఆడవాళ్ల టోపీల మీద. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే యువకుడు మన్‌హటన్ దుకాణాల వీధుల్లో రెండు మధ్యాహ్నాలు తిరిగి లెక్కవేశాడు. 700 టోపీలు చూస్తే 542 మీద ఈకలో, ఏకంగా పిట్టలో ఉన్నాయి. అతను గుర్తుపట్టిన జాతులు 40. అడవిలోకి వెళ్లకుండా చేసిన ఈ పక్షి సర్వే ఆ రోజుల్లో పెద్ద సంచలనం. అదే ఏడాది జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ పక్షుల రక్షణ కోసం తొలి ఆడుబాన్ సొసైటీ పెట్టాడు. అది రెండు మూడేళ్లకే మూతపడినా, 1896లో బోస్టన్ మహిళలు మళ్లీ అందుకున్నారు. ఈకల వ్యాపారం అమెరికాకే పరిమితం కాలేదు. జతకట్టే కాలంలో తెల్లకొంగల వీపున వచ్చే సన్నటి కుచ్చుల కోసం మన దేశంలోనూ కొంగలను చంపి లండన్‌కు ఎగుమతి చేసేవారు. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం 1902లో ఈకల, పక్షి తోళ్ల ఎగుమతిని నిషేధించింది. చట్టం దిశగా అమెరికా 1900లో తొలి అడుగు వేసింది. వలస పక్షులను చంపడాన్ని నేరం చేసిన జాతీయ చట్టం మాత్రం 1918లో గానీ రాలేదు.

చాప్‌మన్ తర్వాత మ్యూజియంలో పక్షుల విభాగానికి పెద్ద అయ్యాడు. అప్పట్లో క్రిస్మస్ నాడు మగవాళ్లు రెండు జట్లుగా విడిపోయి, ఎవరు ఎక్కువ జంతువులను, పిట్టలను కాలిస్తే వాళ్లు గెలిచినట్టు వేట పందెం ఆడేవారు. దానికి బదులు ఆ రోజున పిట్టలను లెక్కపెడదామని అతను తన పత్రికలో పిలుపిచ్చాడు. 1900 డిసెంబర్ 25న 25 చోట్ల 27 మంది లెక్కపెట్టారు. ఆ 25 చోట్లలో సెంట్రల్ పార్కు ఒకటి. ఒక శతాబ్దం దాటిన ఆ లెక్కలు ఇప్పుడు ఏ జాతి తగ్గుతోంది, ఏది ఉత్తరానికి జరుగుతోంది అని తేల్చే శాస్త్రవేత్తలకు అక్కరకొస్తున్నాయి.

అదే పార్కు నుంచి ఒక పెద్ద తప్పిదమూ మొదలైంది. యూరప్ పిట్టలను అమెరికాలో స్థిరపరచాలన్న సరదా ఉన్న యూజీన్ షీఫెలిన్ అనే సంపన్నుడు 1890 మార్చిలో సుమారు 60 స్టార్లింగ్ పిట్టలను పార్కులో వదిలాడు. మరుసటి ఏడాది ఇంకో 40. స్టార్లింగ్ మన గోరింకల కుటుంబానిదే. మనిషి పక్కన బతకడంలో గోరింకకు ఏమాత్రం తీసిపోదు. తొలి గూళ్లలో ఒకటి మ్యూజియం చూరు కిందే కట్టిందంటారు. తర్వాతి అరవై డెబ్బై ఏళ్లలో ఆ జాతి ఖండం అంతటా కోట్లలోకి పెరిగి, చెట్టు తొర్రల్లో గూడు పెట్టే స్థానిక పిట్టలకు పోటీ అయింది. షేక్‌స్పియర్ రచనల్లో పేర్కొన్న పిట్టలన్నిటినీ అమెరికాకు తేవాలని షీఫెలిన్ సంకల్పించాడన్న కథ చాలా పుస్తకాల్లో ఉంది. ఆ కథకు గట్టి ఆధారం లేదని ఇటీవలి పరిశోధకులు చూపించారు. తెచ్చిన పిట్టకు ఆధారం అక్కర్లేదు, అది ప్రతి కరెంటు తీగ మీదా కూర్చునే ఉంది.

కంటితో గుర్తుపట్టడాన్ని శాస్త్రం స్థాయికి తెచ్చినవాడు లడ్లో గ్రిస్కమ్. న్యూయార్క్ పరిసరాల పక్షుల మీద 1923లో అతను వేసిన పుస్తకం, ఫలానా గుర్తులు కనిపిస్తే దూరం నుంచే జాతి చెప్పేయవచ్చని వాదించింది. పెద్దలు ఒప్పుకోలేదు గానీ కుర్రాళ్లు పట్టుకున్నారు. 1924లో బ్రాంక్స్ ప్రాంతపు పిల్లలు కొందరు సొంతంగా ఒక క్లబ్బు పెట్టుకుని గ్రిస్కమ్ పద్ధతిని నూరిపోసుకున్నారు. బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి న్యూయార్క్ వచ్చిన రోజర్ టోరీ పీటర్సన్ ఆ జట్టులో చేరాడు. అతను 1934లో తెచ్చిన ఫీల్డ్ గైడ్‌లో ఒకేలా ఉండే పిట్టలను ఒకే భంగిమలో పక్కపక్కన గీసి, తేడా ఎక్కడుందో చిన్న గీతతో చూపించాడు. మొదట వేసిన 2,000 ప్రతులు చూస్తుండగానే అమ్ముడైపోయాయి. పక్షి వీక్షణం మ్యూజియం పండితుల చేతుల్లోంచి గుమాస్తాల, బడిపంతుళ్ల, గృహిణుల చేతుల్లోకి వచ్చింది ఆ పుస్తకంతోనే. మే నెలలో ఆఫీసుకు వెళ్లేముందు ఒక గంట రాంబుల్‌లో గడిపే అలవాటు ఆ తరం నుంచి బలపడింది.

ఈ అలవాటే 1955లో రాంబుల్‌ను కాపాడింది. అప్పటి పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ నగరంలో ఎదురులేని మనిషి. ఎక్స్‌ప్రెస్ రోడ్లు, వంతెనలు, ఈతకొలనులు, ఆటస్థలాలు అతను అనుకుంటే లేచేవి. లాస్కర్ ఫౌండేషన్ ఇచ్చిన రెండున్నర లక్షల డాలర్ల విరాళంతో, రాంబుల్‌లో సుమారు 14 ఎకరాలకు కంచె వేసి వృద్ధుల వినోద కేంద్రం కట్టాలని అతను నిర్ణయించాడు. ముసలివాళ్లకు కాస్త నీడ కల్పించే పనిని ఎవరు కాదంటారు? దానికి తోడు, రాంబుల్ అంటే గిట్టనివాళ్లూ తక్కువేం లేరు. 20వ శతాబ్దం మొదటి నుంచీ స్వలింగ ప్రేమికులైన మగవాళ్లు, బయట ఎక్కడా కలుసుకునే వీలులేక, ఈ పొదల మాటున కలుసుకునేవారు. వాళ్లను వెళ్లగొట్టడానికి ఇదొక దారి అని అధికారులకు ఉండేది. ఎదురు నిలిచినవాళ్లు బైనాక్యులర్ల జనం. చదును చేసి కంచె వేస్తే పొద పోతుందని, పొద పోతే వలస పిట్టకు దిగే చోటు పోతుందని, ఇలాంటి చోటు నగరంలో మరొకటి లేదని వాళ్లు పత్రికలకు ఉత్తరాలు రాశారు, సభలు పెట్టారు. గొడవ ముదిరేసరికి విరాళం వెనక్కి పోయింది, పథకం అటకెక్కింది. మోజెస్‌కు ఇలాంటి ఓటమి అరుదు. మరుసటి ఏడాది పార్కులోని ఒక రెస్టారెంటు కార్ల కోసం అర ఎకరం తోపు కొట్టబోతే, పిల్లలను ఆడించుకునే తల్లులు బుల్డోజర్లకు అడ్డం నిలబడి అక్కడా ఓడించారు. వీక్షకుల వాదనలో ఒక విచిత్రం ఉంది. వాళ్లు కాపాడిన ప్రకృతి వందేళ్ల కిందట కూలీలు మట్టి తోలి చేసినది. వలస పిట్టకు ఆ తేడా తెలియదు కాబట్టి వాదన నిలబడింది.

1970లలో నగరం దివాలా అంచుకు చేరినప్పుడు పార్కు పాడుపడింది. వాలుల మీది మట్టి వానకు కొట్టుకుపోయింది, బెంచీలు విరిగాయి, దోపిడీల భయంతో చాలామంది రాంబుల్ వైపు పోవడం మానేశారు. వీక్షకులు గుంపులుగా వెళ్లేవారు. 1980లో ఎలిజబెత్ బార్లో రోజర్స్ నాయకత్వంలో సెంట్రల్ పార్క్ కన్జర్వెన్సీ ఏర్పడి, ప్రైవేటు విరాళాలతో మరమ్మతులు మొదలుపెట్టింది. ఓమ్‌స్టెడ్ నాటి దృశ్యాలు మళ్లీ కనిపించాలని కన్జర్వెన్సీ కొన్ని చెట్లు కొట్టించేసరికి వీక్షకులు భగ్గుమన్నారు. చరిత్ర పరంగా కన్జర్వెన్సీది సరైన మాట; పిట్టల పరంగా వీక్షకులది. ఆ తర్వాత రాంబుల్‌లో ఏ పని తలపెట్టినా ముందు వాళ్లతో మాట్లాడటం ఆనవాయితీ అయింది.

సరస్సు ఒడ్డున పడవల రేవు దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. ఆ రోజు ఏ పిట్ట ఎక్కడ కనిపించిందో వచ్చినవాళ్లంతా అందులో రాసేవారు. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో అదే సమాచార కేంద్రం. స్టార్ సఫీర్ అనే ఆమె దాదాపు మూడు దశాబ్దాలు వారానికి కొన్నిసార్లు జనాన్ని వెంటబెట్టుకుని తిప్పింది. 2012లో వచ్చిన డాక్యుమెంటరీతో ఆమె పేరు దేశమంతా తెలిసింది. అంతకు ముందే ఒక పిట్ట అలా పేరు తెచ్చుకుంది. 1991లో వచ్చిన లేత రంగు ఎర్రతోక డేగకు వీక్షకులు పేల్ మేల్ అని పేరు పెట్టారు. ఆ జాతి సాధారణంగా చెట్ల మీద గూడు కడుతుంది. ఇది ఫిఫ్త్ ఎవెన్యూలో కోటీశ్వరులుండే 927 నంబరు భవనం చూరును ఎంచుకుంది. పావురాలు వాలకుండా బిగించిన మేకులే దాని పుల్లలకు ఊతమయ్యాయి. 2004 డిసెంబర్‌లో భవన యాజమాన్యం గూటిని పీకించేస్తే, వీధిలో రోజుల తరబడి నిరసనలు సాగి, నెల తిరగకుండా కొత్త ఆధారం కట్టించాల్సి వచ్చింది.

2020 మే 25న రాంబుల్ పేరు మరో కారణంతో ప్రపంచమంతా మోగింది. పక్షి వీక్షకుడు క్రిస్టియన్ కూపర్ అక్కడి నిబంధన ప్రకారం కుక్కకు తాడు కట్టమని ఒక మహిళను అడిగితే, నల్లజాతి మనిషి తనను బెదిరిస్తున్నాడని ఆమె పోలీసులకు ఫోన్ చేసింది. అతను తీసిన వీడియో బయటకు వచ్చింది. కొద్ది రోజుల్లోనే నల్లజాతి వీక్షకులు, శాస్త్రవేత్తలు కలిసి బ్లాక్ బర్డర్స్ వీక్ మొదలుపెట్టారు. పొదల్లో బైనాక్యులర్లతో నిలబడ్డ మనిషిని చూసే చూపు అతని ఒంటి రంగును బట్టి మారుతుందన్న మాట అప్పటిదాకా వీక్షకుల సంఘాల్లో పెద్దగా చర్చకు రాలేదు. పక్షి చిత్రకారుడు ఆడుబాన్ బానిసలను ఉంచుకున్నవాడు కాబట్టి, 1979 నుంచి ఆ పేరుతో ఉన్న నగర సంఘం 2024లో ఎన్‌వైసీ బర్డ్ అలయన్స్ అని పేరు మార్చుకుంది.

ఆ సంఘం అంచనా ప్రకారం న్యూయార్క్‌లో ఏటా 90 వేల నుంచి 2,30,000 దాకా పిట్టలు అద్దాల భవనాలకు కొట్టుకుని చస్తున్నాయి. అద్దంలో ప్రతిబింబించిన చెట్టును అవి నిజం చెట్టనుకుంటాయి. కొత్త భవనాలకు పిట్ట కంటికి కనిపించే అద్దం వాడాలని నగర పాలక మండలి 2019లో చట్టం చేసింది. పార్కు లోపలి ప్రమాదం ఎలుకల మందు. 2020 శరదృతువులో రాంబుల్ పరిసరాల్లో చేరి వీక్షకుల అభిమానం చూరగొన్న గుడ్లగూబ బ్యారీ మరుసటి ఆగస్టులో పార్కు వాహనం తగిలి చనిపోతే, దాని ఒంట్లో ఆ విషం ఎక్కువ మోతాదులో దొరికింది. పార్కులోని జూ పంజరం నుంచి 2023 ఫిబ్రవరిలో తప్పించుకుని ఏడాది పాటు స్వేచ్ఛగా బతికిన పెద్ద గుడ్లగూబ ఫ్లాకో చనిపోయినప్పుడు పరీక్షిస్తే, ఎలుకల మందుతో పాటు పావురాల నుంచి సోకిన వైరస్ కూడా బయటపడింది. 2024 సెప్టెంబర్‌లో నగర పాలక మండలి ఫ్లాకో పేరు మీద ఒక చట్టం ఆమోదించింది. విషానికి బదులు ఎలుకలకు సంతాన నిరోధక మందు పెట్టి చూసే ప్రయోగానికి అది వీలు కల్పించింది.